మచ్చు, మచ్చ: కొత్త ఫోను మీది గీతకు వెనుకనున్న చరిత్ర

1

ప్రతి వస్తువుకూ ఒక చరిత్ర వున్నట్లే, వస్తువులోని లోపానికీ ఒక చరిత్ర వుంటుంది. చరిత్రకారులు వస్తువులను గూర్చి చాలా వ్రాశారు. లోపాన్ని గూర్చి వ్రాసినవారు తక్కువ. లోపమంటే ఏమో అందరికీ తెలిసినదే గదా, అందులో చెప్పవలసినదేమున్నదని కాబోలు. నేను కూడా అట్లాగే అనుకునేవాణ్ణి. కడపలో మా విద్యార్థి ఒకడు వచ్చి అడిగిన ప్రశ్న ఆ భ్రమను పోగొట్టింది.

గత వేసవిలో ఆ పిల్లవాడు ఒక కొత్త స్మార్ట్‌ఫోను పన్నెండు నెలల వాయిదాల మీద కొన్నాడు. వాయిదాలు కట్టేది అతడు కాదు, అతని అక్క. ఆమె ఊరికి దూరంగా ఒక ఫోన్ల కర్మాగారంలో తనిఖీ బల్ల దగ్గర పనిచేస్తున్నది. ఇంటికి పోయి, సీలు తీసి, పెట్టె విప్పి చూస్తే ఫోను అంచున గోరు తగిలేటంత సొట్ట వున్నది. దాని ప్రక్కనే రంగు లేచిపోయి లోహం తెల్లగా కనిపించే గీత. ఫోను పలుకుతుంది, ఫోటోలు తీస్తుంది, పని అంతా చేస్తుంది. కాని కొత్తది కొత్తదిగా లేదు.

మరునాడు దుకాణానికి పోయాడు. "పలుకుతాంది గదా? ఛార్జింగు ఎక్కుతాంది గదా? ఇది పైపైది. కాస్మెటిక్ అంటారు. డిఫెక్టు కింద రాదు" అన్నారు. "పెట్టె ఇప్పేటప్పుడు వీడియో తీసినావా?" అని కూడా అడిగారు. తీయలేదు. అయితే నువ్వే కింద పడేసుకొని వుంటావన్నారు.

పండుగకు అక్క ఇంటికి వచ్చింది. ఫోను చేతికి తీసుకొని, చూడక ముందే బొటనవ్రేలితో అంచంతా ఒకసారి తడిమి, "ఇట్లాంటిది మా కాడికొస్తే ఎర్ర డబ్బాలో ఏస్తామురా" అన్నదట.

పిల్లవాడు ఈ రెండు మాటలూ నాకు చెప్పి ఇట్లా అడిగాడు: "తయారు చేసేకాడ తప్పయినది, అమ్మేకాడ తప్పు ఎట్ల గాకుండా పోయింది సార్?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి వ్రాసినది. వెతుకుతూ పోతే దారి మన కర్నూలు, కడప జిల్లాల నేల మీదుగానే సాగింది. తెలుగులో నమూనాకు 'మచ్చు' అని పేరు. లోపానికి 'మచ్చ' అని పేరు. మచ్చుకు సరిపోనిది మచ్చ అవుతుంది. కనుక మచ్చను గూర్చి అడగవలసినవి మూడు ప్రశ్నలు. మచ్చును నిర్ణయించేది ఎవరు? మచ్చను ఎత్తి చూపే అధికారం ఎవరిది? నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడింటికీ కాలాన్ని బట్టి, ఉత్పత్తి పద్ధతిని బట్టి జవాబులు మారుతూ వచ్చాయి.

2

మొదట వజ్రాల సంగతి చూద్దాం. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల చేలల్లో జనం తలలు వంచుకొని నేలను వెతుకుతూ తిరగడం కర్నూలు జిల్లాలో అందరూ ఎరిగిన దృశ్యమే. ఈ సీమలో వజ్రాల వేట శతాబ్దాల నాటిది. పదిహేడవ శతాబ్దంలో మన దేశానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే తన యాత్రల గ్రంథాన్ని 1676లో ప్రచురించాడు. అందులో అతడు 'రావుల్కొండ' అనే గనిని వర్ణించాడు. అది కర్నూలుకు దక్షిణంగా వున్న రామళ్ళకోటేనని కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఈ గుర్తింపును అంగీకరించనివారు కూడా వున్నారు. ఎట్లయినా అది ఈ దక్కను వజ్రభూముల కథే.

లోపాన్ని గూర్చి టావెర్నియే చెప్పినవి మనకు చాలా ముఖ్యం. యూరపులో రాళ్ళను పగటి వెలుతురులో పరీక్షిస్తారట. ఇక్కడివారు రాత్రి పూట గోడలో గూడు చేసి, పెద్ద వత్తి దీపం పెట్టి, రాయిని వ్రేళ్ళ మధ్య పట్టుకొని ఆ వెలుగులో నీరు చూస్తారట. రాయి శుభ్రంగా వుంటే సానపట్టేవాడు దానిని చక్రానికి కొద్దిగా తాకించి వదలివేస్తాడు. రాతిలో చుక్కలో, నల్లని ఎర్రని మరకలో వుంటే మాత్రం దానినిండా పలకలు తీర్చి ఆ లోపం కనబడకుండా కప్పివేస్తాడు. అంటే ఎక్కువ పని చేసిన రాయి ఎక్కువ మచ్చ వున్న రాయి అన్నమాట! మన రత్నశాస్త్రాలు బిందువు, కాకపదం, రేఖ మొదలైన దోషాలను ఏనాడో లెక్కపెట్టి వుంచాయి. కాకి అడుగు వంటి గీత వున్న వజ్రం అరిష్టమన్నాయి. కొనేవాడు రాజో, శ్రీమంతుడో గనుక శాస్త్రం కొనేవాని పక్షాన పుట్టింది. లోపాన్ని పట్టుకునే విద్య కొనేవానిది, దానిని కప్పే విద్య అమ్మేవానిది. ఈ ఇద్దరి మధ్య పోటీ సమానుల పోటీ.

మరి రాయిని నేల నుండి తీసినవాడు? అతనికి ఏడాదికి 3 వరహాలు కూలి అని టావెర్నియే వ్రాశాడు. ప్రతి 50 మంది పనివాళ్ళ మీద 12 నుండి 15 మంది కావలివాళ్ళు వుండేవారట. అతడు రాయిని దొంగిలిస్తాడేమోనన్న భయమే గాని, రాతిలోని మచ్చకు అతడు బాధ్యుడని ఎవరూ అనలేదు. మచ్చ ప్రకృతి పెట్టినది గనుక దాని నష్టం వర్తకుల బేరంలోనే తేలిపోయేది. శ్రమజీవి మీద మచ్చ మోపబడడం తరువాతి కథ. అది మగ్గం దగ్గర ప్రారంభమైంది.

3

1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలనే పేరు అట్లా వచ్చింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అని పేరు పెట్టేదాకా ఆ పేరే చెల్లింది. కర్నూలు నవాబు సంస్థానం 1839 వరకు వేరుగా వుండి ఆ తరువాత కంపెనీ చేతిలోకి పోయింది. పత్తి పండే నల్లరేగడి, నేత నేర్చిన కులాలు, జమ్మలమడుగు, ప్రొద్దటూరు, ఆదోని, ఎమ్మిగనూరు వంటి ఊళ్ళు ఈ సీమకు వున్న సంపద.

కంపెనీ గుడ్డల వ్యాపారం మచ్చు మీద నడిచింది. లండనులో కావలసిన గుడ్డ ఎట్లా వుండాలో చెప్పే నమూనా తాను కంపెనీ గిడ్డంగిలో వుండేది. దానికే వాళ్ళు 'మస్టరు' అని పేరు పెట్టారు. నేసిన తాను రాగానే పొడవు, వెడల్పు కొలిచి, పడుగులో ఎన్ని పుంజాలున్నవో లెక్కించి, ఆ నమూనాతో సరిపోల్చి మొదటి రకం, రెండవ రకం, మూడవ రకం అని వేరు చేసేవారు. పుంజమంటే 120 పోగులు. ఒక్క రకం తగ్గితే నేతగానికి వచ్చే ధర తగ్గుతుంది. ఏ రకానికీ చాలదంటే తాను తిరిగి నేతగాని నెత్తిన పడుతుంది. ఆ తానులో అతని నూలు వున్నది, అతని ఇంటిల్లిపాది శ్రమ వున్నది, బయానాగా తీసుకున్న అప్పు వున్నది.

తప్పు నేసినవానికి ధర తగ్గించడంలో అన్యాయమేమున్నదని ఎవరైనా అడగవచ్చు. అన్యాయం ధర తగ్గించడంలో లేదు, కొలిచే పద్ధతిలో వున్నది. మచ్చు పెట్టినవాడు, దానితో సరిపోల్చినవాడు, తగ్గిందని తీర్పు చెప్పినవాడు, ఆ తీర్పు వల్ల లాభపడినవాడు ఒక్కడే. అతడు కంపెనీ. వజ్రవర్తకుల బేరంలో రాయి నచ్చనివాడు లేచి పోగలడు. అట్లా లేచి పోగల స్వేచ్ఛ నేతగానికి కూడా ఒకప్పుడు వుండేది. దక్షిణదేశపు నేతగాళ్ళను గూర్చి ప్రసన్నన్ పార్థసారథి 2001లో ప్రచురించిన గ్రంథం ఈ విషయాన్ని చక్కగా వివరిస్తుంది. పూర్వం బయానా తీసుకున్న నేతగాడు తనకు గిట్టదనుకుంటే దానిని తిరిగి ఇచ్చివేసి ఒప్పందం నుండి బయటపడగలిగేవాడు. పద్ధెనిమిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో కంపెనీ మధ్యవర్తులను తొలగించి తానే నేరుగా బయానా ఇచ్చి, రాజ్యాధికారాన్ని తోడు తెచ్చుకొని, ఆ దారి మూసివేసింది. పోగులు తగ్గించి పలచగా నేయడం నేతగాని చేతిలో మిగిలిన ఆయుధమయింది. గిడ్డంగిలో దానికి పేరు లోపం. మగ్గం గుంతలో అది గిట్టుబాటు కోసం జరిగిన పోరాటం.

ఇది వామపక్షీయుల ఊహ అని కొట్టివేసేవారి కోసం కంపెనీ మనిషి సాక్ష్యమే వున్నది. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వున్న తామస్ మన్రో 1813లో ఇంగ్లండులో కామన్సు సభ ముందు సాక్ష్యం చెప్పాడు. తాను అంతకు ముందు పనిచేసిన బారామహల్‌లో, అంటే నేటి సేలం, కృష్ణగిరి ప్రాంతంలో, కంపెనీ నౌకర్లు పెద్ద నేతగాళ్ళను ఒకచోట పోగుచేసి, కంపెనీకి తప్ప మరెవరికీ నేయమని ఒప్పుకొనేదాకా వారిపై కాపలా పెట్టేవారని అతడు చెప్పాడు. ఇంగ్లండు సరుకు ఈ దేశంలో అమ్ముడుపోతుందా అని కూడా అతనిని అడిగారు. ఇక్కడి శాలువను తాను ఏడేండ్లు వాడినా దానిలో పెద్ద మార్పు కనబడలేదనీ, యూరపులో చేసిన శాలువను ఊరికే ఇచ్చినా కప్పుకోననీ మన్రో జవాబిచ్చాడు. ఈ రెండు సాక్ష్యాలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. గిడ్డంగిలో ప్రతి తాను మీదా మచ్చ వెతికిన కంపెనీ తరపు మనిషే, ఇక్కడి నేతకు సాటి లేదని తన దేశపు శాసనసభలో ఒప్పుకున్నాడు. నేతగాని పనితనంలో తక్కువేమీ లేదు. అతనికి తక్కువైనది మచ్చు మీద అధికారం.

మన్రో 1827లో మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. 1833 చార్టరుతో కంపెనీ వ్యాపారం ముగిసింది. ఇంగ్లండు మిల్లు గుడ్డ మన్రో ఊహను తలక్రిందులు చేసింది. మచ్చు పద్ధతి మాత్రం చావలేదు. కంపెనీ స్థానంలో సావుకారు వచ్చాడు. ఇప్పటికీ కూలికి నేసిన చీరను వెలుతురుకు పట్టి చూసి, పోగు తెగినచోట, జరీ తప్పినచోట వ్రేలు పెట్టి కూలిలో కోత పెట్టే సావుకారులున్నారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘాన్ని స్థాపించడానికి గల ప్రాముఖ్యాన్ని ఈ దృష్టితో కూడా చూడవలసి వున్నది. సహకారమంటే అప్పు చౌకగా దొరకడం మాత్రమే కాదు. కొలబద్ద ఎవరి చేతిలో వుండాలన్న ప్రశ్న కూడా అందులో వున్నది.

4

మగ్గం మీద లోపం ఎవరిదో తెలుస్తుంది. యంత్రయుగంలో అది తెలియదు. ఒక ఫోను వందల చేతుల గుండా వస్తుంది. కనుక పెట్టుబడిదారీ విధానానికి లోపాన్ని లెక్కించే కొత్త శాస్త్రం కావలసివచ్చింది.

అది టెలిఫోను పరిశ్రమలోనే పుట్టడం గమనించదగిన విషయం. అమెరికాలో బెల్ టెలిఫోను వ్యవస్థకు పరికరాలు తయారుచేసే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థలో వాల్టర్ షూహార్ట్ 1924లో మొదటి నియంత్రణ పటాన్ని గీశాడు. ప్రతి వస్తువునూ పరీక్షించడం ఖర్చు గనుక, గుంపులో నుండి కొన్నిటిని తీసి చూసి మొత్తం మీద తీర్పు చెప్పే పట్టికలను బెల్ ప్రయోగశాలలో హెరాల్డ్ డాడ్జ్, హారీ రోమిగ్ తయారుచేశారు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఇటువంటి పద్ధతినే ఆయుధాల కొనుగోలుకు వాడింది. 1950లో అది మిల్-స్టాండర్డ్ 105ఏ అనే సైనిక ప్రమాణమయింది. తరువాత అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2859 అయింది. మన దేశంలో దానికి సాటి ఐఎస్ 2500.

ఈ పద్ధతిలో లోపాలు మూడు తరగతులు. ప్రాణానికి అపాయం తెచ్చేది ప్రమాదకర లోపం. పని చెడగొట్టేది పెద్ద లోపం. పని చెడకుండా రూపం చెడేది చిన్న లోపం. మన విద్యార్థి ఫోను మీది సొట్ట ఈ మూడవ తరగతిలోనిది. ప్రతి తరగతికీ 'అంగీకరించదగిన స్థాయి' అని ఒక అంకె వుంటుంది. వినియోగ వస్తువుల వ్యాపారంలో పెద్ద లోపాలకు 2.5, చిన్నవాటికి 4 అనే అంకెలు తరచు వినబడతాయి. ఉదాహరణకు 2,000 వస్తువుల గుంపు వున్నదనుకోండి. సాధారణ తనిఖీ పట్టిక ప్రకారం అందులో 125 తీసి చూస్తారు. చిన్న లోపాలు 10 వరకు దొరికినా గుంపంతా గెలిచినట్లే. 11 దొరికితే గుంపంతా వెనక్కు పోతుంది.

దీని అర్థం ఏమిటి? మచ్చ వున్న కొత్త వస్తువు ఎవరో ఒకరి చేతికి పోతుందని ముందే లెక్క వేసి వుంచారన్నమాట. అది ఎవరి చేతికి పోతుందో పట్టికకు తెలియదు, అక్కర లేదు. పట్టికను నేను నిందించడం లేదు. గణితశాస్త్రంగా అది గొప్ప విజయం. సోషలిస్టు ఉత్పత్తికి కూడా అటువంటి లెక్క అవసరమే. లోపం బొత్తిగా లేని ఉత్పత్తి ఎక్కడా లేదు. మన ప్రశ్న పట్టికను గూర్చి కాదు, అందులో వేసే అంకెను గూర్చి. ఎన్ని మచ్చలు సహించాలో నిర్ణయించే ఆ అంకెను అమ్మేవాడూ, అతనికి చేసిపెట్టేవాడూ గదిలో కూర్చొని ఒప్పుకుంటారు. కొనేవానికి అది చెప్పరు. బల్ల దగ్గర నిలబడే పిల్లను అడగరు. కంపెనీ గిడ్డంగిలోని మచ్చు తాను ఇప్పుడు ఒక అంకెగా మారింది. తాళం చెవి మాత్రం పూర్వం వున్నచోటే వున్నది.

5

ఈ సంగతి ప్రపంచానికంతకూ స్పష్టంగా కనిపించిన ఘటన 2012లో జరిగింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 21న ఆపిల్ కంపెనీ ఐఫోన్ 5ను విడుదల చేసింది. దాని ఒడలు అల్యూమినియం. అల్యూమినియం మెత్తని లోహం. దాని పైభాగాన్ని విద్యుద్రసాయన పద్ధతిలో గట్టి ఆక్సైడు పొరగా మార్చి, ఆ పొరకు రంగు ఎక్కిస్తారు. పొర బహు పలుచన. ఫోను అంచును వజ్రపు కొనతో ఏటవాలుగా కోసి మెరిపించారు. ఆ కోసిన మొనల దగ్గర పొర సులభంగా పెచ్చులూడుతుంది. నల్లని ఫోనులో లోపలి తెల్లని లోహం కొట్టవచ్చినట్లు కనబడుతుంది. పెట్టె విప్పగానే గీతలు, సొట్టలు కనిపించాయని ఎందరో కొనుగోలుదారులు ఫిర్యాదు చేశారు. అల్యూమినియం వస్తువు వాడకంలో గీసుకుపోవడం, సహజమైన వెండి రంగు బయటపడడం మామూలేనని కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ఒక కొనుగోలుదారుకు జవాబు వ్రాసినట్లు పత్రికలలో వచ్చింది.

కొనేవారికి చెప్పిన మాట అది. చేసేవారికి చెప్పినది వేరు. చైనాలో జెంగ్‌జౌ నగరంలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఆ ఫోన్లు తయారయ్యేవి. అక్టోబరు 5న అక్కడ 3,000 నుండి 4,000 మంది కార్మికులు పని ఆపివేశారని చైనా లేబర్ వాచ్ అనే సంస్థ ప్రకటించింది. చైనా జాతీయ దినోత్సవపు సెలవులలో కూడా పని చేయించడం, సొట్టల విషయంలో 0.02 మిల్లీమీటరు వరకు పోయే కఠిన నిబంధన పెట్టడం, దానికి తగిన శిక్షణ ఇవ్వకపోవడం ఇందుకు కారణాలని ఆ సంస్థ చెప్పింది. సమ్మె జరగలేదు, ఉత్పత్తి ఆగలేదు అని ఫాక్స్‌కాన్ ఖండించింది. కాని అక్టోబరు 1, 2 తేదీలలో ఉత్పత్తి కార్మికులకూ తనిఖీ కార్మికులకూ మధ్య తగాదాలు జరిగిన మాట ఒప్పుకున్నది.

అంకెలపై వివాదం వుండవచ్చు. ఇరుపక్షాలూ ఒప్పుకున్న విషయమే మనకు చాలును. మచ్చను గూర్చి కార్మికులు ఒకరితో ఒకరు తగాదాపడ్డారు. తనిఖీ బల్ల దగ్గరి కార్మికుడు ఫోనును వెనక్కు పంపితే అంచు కోసే కార్మికుని లెక్క తప్పుతుంది. వెనక్కు పంపకపోతే తన ఉద్యోగం పోతుంది. ఇద్దరూ పల్లెల నుండి కూలికి వచ్చినవారే. మెత్తని లోహాన్ని ఎంచినది వారు కాదు, మొనను అంత పదునుగా గీసినది వారు కాదు, సెలవులలో పని పెట్టినది వారు కాదు. అయినా మచ్చ వచ్చి వారిద్దరి మధ్య నిలబడింది.

మా విద్యార్థి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఒకే గీత కర్మాగారంలో తప్పు, దుకాణంలో సహజం. రెండు చోట్లా అట్లా పేరు పెట్టే అధికారం ఒక్కరిదే. కర్మాగారంలో దానిని తప్పు అంటే కార్మికుని చేత మరింత శ్రమ చేయించవచ్చు. దుకాణంలో సహజం అంటే మార్చి ఇచ్చే ఖర్చు తప్పుతుంది. మాటలు రెండయినా లాభం ఒకటే.

6

ఈ పరిశ్రమ ఇప్పుడు మన గడపలోకి వచ్చింది. 2015 ఆగస్టులో ఫాక్స్‌కాన్ శ్రీసిటీ కర్మాగారంలో తయారైన షియోమీ ఫోను విశాఖపట్నంలో విడుదలయింది. శ్రీసిటీ అప్పుడు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. కడప ప్రక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల వాడ ఏర్పడింది. అక్కడ నిఘా కెమేరాలు తయారవుతున్నాయి. ఇటువంటి కర్మాగారాలలో వరుసల మీద కూర్చునేవారిలో అధిక భాగం యువతులు. చుట్టుపట్ల పల్లెల నుండి కంపెనీ బస్సులలో వచ్చేవారు, వసతిగృహాలలో వుండేవారు. వేరుశనగ పంట వరుసగా ఎండిపోయిన ఇంటికి నెలనెలా వచ్చే జీతం ఏమిటో రాయలసీమలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. కనుక ఈ కర్మాగారాలు వద్దని నేను అనను. అట్లా అనే హక్కు ఆ జీతం అవసరం లేనివారికి లేదు.

కాని వారు ఏ పనిలోకి వెళ్ళారో తెలుసుకోవాలి. ప్రకాశవంతమైన దీపం క్రింద వస్తువును ఇటూ అటూ త్రిప్పి కొన్ని క్షణాలలో గీత వున్నదా లేదా అని తేల్చడం, రోజంతా అదే. రావుల్కొండ గోడగూటిలో వత్తి దీపం ముందు రాయిని త్రిప్పినవాడు వర్తకుడు, ఆ రాయికి ధర కట్టగలవాడు. ఈ పిల్ల అదే చూపుతో చూస్తుంది, కాని ధర కట్టలేదు, అంకె మార్చలేదు, గీత ఎందుకు పడుతున్నదో అడగలేదు. ఆమె బొటనవ్రేలిలో చేరిన నైపుణ్యం ఆమెది అయినా, దానితో తీర్పు చెప్పే అధికారం ఆమెది కాదు. అందుకే తమ్ముని ఫోను చూసి ఎర్ర డబ్బాలో వేస్తామని చెప్పగలిగిందే గాని, దుకాణంలో ఆ మాటకు విలువ లేకపోయింది.

ఇదే జిల్లాలో కడప బండలు కోసే గనుల దగ్గర కూడా ఇటువంటి సంగతి కనబడుతుంది. నల్లని సున్నపురాతిలో అక్కడక్కడ తెల్లని గీతలు పారుతాయి. అవి కోట్ల ఏండ్ల నాడు భూగర్భంలో ఏర్పడినవి. వంటింటి గట్టుకు నిగనిగలాడే నలుపు కావాలన్న పట్టణపు అభిరుచి వచ్చి వాటిని మచ్చలు చేసింది. గనుల ప్రక్కన పేరుకుపోయిన వ్యర్థపు బండలు కార్మికుని శ్రమకు గుట్టలుగా పోసిన సాక్ష్యం.

7

మరి చట్టం ఏమంటున్నది? 1930 నాటి వస్తువిక్రయ చట్టం మూలసూత్రం కొనేవాడే జాగ్రత్తపడాలన్నది. దానికి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. మచ్చు చూపి అమ్మిన సరుకు మచ్చుకు సరిపోవాలని 17వ సెక్షను చెప్పింది. ముందే పరీక్షించి కొన్నవాడు ఆ పరీక్షలో కనబడదగిన లోపాన్ని తరువాత ఎత్తి చూపలేడని 16వ సెక్షను చెప్పింది. ఆ చట్టం వచ్చిన రోజులలో కొనేవాడు గుడ్డను విప్పి, వెలుతురుకు పట్టి, చూసి కొనేవాడు. నేడు సీలు వేసిన పెట్టెను డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకుంటాడు. దుకాణంలో గాజుపెట్టెలో మెరుస్తున్న ఫోను మచ్చు. చేతికి వచ్చేది వేరొకటి.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలై నుండి అమలులో వున్నది. అందులో 'లోపం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే దుకాణంవారి మాట నిలవదని తోస్తుంది. నాణ్యతలో, ప్రమాణంలో, ఒప్పందం ప్రకారంగాని వర్తకుడు చెప్పుకున్న దాని ప్రకారంగాని వుండవలసిన దానికి ఏ కొరత వున్నా, ఏ వెలితి వున్నా అది లోపమే. పని చేస్తే చాలునని అందులో లేదు. కొత్తదని చెప్పి, కొత్తదాని ధర తీసుకొని, మచ్చలేని బొమ్మను ప్రకటనలో చూపి అమ్మినప్పుడు రూపం కూడా ఒప్పందంలో భాగమే. కొన్నవాడు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషనులోనే రెండేండ్ల లోపల ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు రుసుము లేదు. అవసరమైతే కమిషను వస్తువును ప్రయోగశాలకు కూడా పంపగలదు.

ఇది చిన్న విజయం కాదు. కామన్సు సభలో మన్రో సాక్ష్యం చెప్పిన నాడు నేతగానికి ఇటువంటి తలుపు ఒక్కటి కూడా లేదు. కాని ఈ చట్టానికి కనబడేది కొనేవాడొక్కడే. గీతకు రెండవ కొసలో వున్న మనిషి అందులో లేదు. కొనేవాడు గెలిస్తే మార్చి ఇచ్చిన ఫోను ఖర్చు ఎక్కడ పడుతుంది? జెంగ్‌జౌలో పడినట్లే, మరింత పదునైన అంకెగా, మరింత తక్కువ క్షణాలుగా, ఏదో ఒక వరుస మీద కూర్చున్న పిల్ల నెత్తిన పడే అవకాశం వున్నది. కొనేవాని హక్కు చేసేవారి హక్కుతో కలవనంతకాలం ఒకరి న్యాయం మరొకరికి శిక్షగా మారుతుంది.

మన కథలో ఈ ఇద్దరూ అక్కాతమ్ముళ్ళు. ఇది ఏదో యాదృచ్ఛికంగా జరిగినది కాదు. రాయలసీమలో నేడు అనేక ఇళ్ళలో ఫోను చేసే చేయి, ఫోను కొనే చేయి ఒకే కంచంలో అన్నం తింటున్నాయి. కాని బజారు వారిని రెండు పక్షాలుగా నిలబెడుతుంది. తమ్ముని కోపం మొదట ఎవరి మీదికి పోయిందో తెలుసా? "ఎవడో సరిగ్గా చూడకుండా పంపినాడు సార్" అన్నాడు. ఆ ఎవడో తన అక్క వంటి పిల్లేనని అతనికి తోచలేదు. తోచిన తరువాత ప్రశ్న మారింది. ఎవరు చూడలేదన్న ప్రశ్న పోయి, ఎంత చూడాలో ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న వచ్చింది. చరిత్ర చదవడం వల్ల కలిగే ప్రయోజనం ఇదే.

విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయదగిన పని వున్నది. లోపాన్ని సహించమని మనం బోధించనక్కరలేదు. మచ్చును బయట పెట్టమని అడగాలి. ఎన్ని గీతలను అంగీకరించారో ఆ అంకె కొనేవానికి తెలియాలి. ఒక వస్తువును పరీక్షించడానికి ఎన్ని క్షణాలు ఇస్తున్నారో నిర్ణయించే చోట పరీక్షించేవారి సంఘానికి మాట వుండాలి. నేతగాడు కోల్పోయినది కూడా ఈ రెండే. కొలత మీద మాట, కాదని లేచి పోగల స్వేచ్ఛ.

మా విద్యార్థి తెల్లకాగితం మీద ఫిర్యాదు వ్రాసి కడపలో దాఖలు చేశాడు. ఫోను అంచు ఫోటోలు జతపరిచాడు. అక్క చెప్పిన మాట కూడా వ్రాయవచ్చునా అని అడిగాడు. వ్రాయమన్నాను. ఆ అంచును తడిమి తెలుసుకున్న మనిషి కంటె తగిన సాక్షి నాకు కనబడలేదు. తీర్పు ఇంకా రాలేదు. వాయిదాలు మాత్రం ప్రతి నెలా ఆమె జీతంలో నుండి పోతూనే వున్నాయి.